సర్ఫ్ గిటార్ మీద ఫిర్యాదు

ఫిర్యాదు చేసినవాడు పడవ యజమాని త్రిమూర్తులు. ఫిర్యాదు ఒక ట్యూను మీద. అందులో మాటలు లేవు. అయినా అది తనను తిడుతోందని ఆయన పల్లె పెద్దలతో చెప్పుకున్నాడు. ఆదివారం పొద్దున తుఫాను షెల్టర్ కింది హాల్లో పెద్దలు కూర్చున్నారు.

పల్లె కాకినాడ రేవుకు దగ్గర. ఆరేళ్ల కిందట వాయుగుండం వచ్చిన రోజు పెదబాబు అనే మత్స్యకారుడు త్రిమూర్తులు పడవ వేసుకుని వెళ్లి తిరిగి రాలేదు. తోడు వెళ్లాల్సినవాళ్లు గాలి చూసి ఆగిపోయారు. పెదబాబు ఒక్కడే వెళ్లాడు. తాను ఆ రోజు సామర్లకోటలో పెళ్లిలో ఉన్నానని, వెళ్లమని చెప్పలేదని, అసలు ఫోనే చేయలేదని త్రిమూర్తులు అప్పట్లో అందరికీ చెప్పాడు. పెదబాబు ఫోను ఆయనతోపాటే పోయింది. భార్య నూకరత్నం ఆ వేళ చేపల బజారులో ఉంది. కూతురు లోవలక్ష్మి పాలిటెక్నిక్ హాస్టల్లో ఉంది.

అప్పటినుంచి పల్లెలో పిల్లలకు బుద్ధి చెప్పాల్సి వస్తే పెదబాబు పేరు వాడతారు. గాలి చూసుకోకుండా పోయిన మొండోడు అంటారు. నూకరత్నం ఎదురుగా ఉన్నా అంటారు. త్రిమూర్తులు ఆమెకు వరసకు తమ్ముడు.

లోవలక్ష్మి ఇప్పుడు కాకినాడలో ఒక ఆక్వా ల్యాబ్‌లో చెరువుల నీళ్లు పరీక్ష చేస్తుంది. సెలవు రోజుల్లో బ్యాండులో బేస్ గిటార్ వాయిస్తూ పాడుతుంది. బ్యాండులో ముగ్గురు. లీడ్ గిటార్ శశిభూషణ్‌ది. ఆయనది కోనసీమలో పురోహితుల కుటుంబం, ఉద్యోగం గ్యాస్ కంపెనీ ఆఫీసులో. డ్రమ్స్ ఏసుపాదం. వాళ్లు వాయించేది పంక్ రాక్. మూడే స్వరమేళాలు, వేగం, పైన కేకలు.

"పంకంటే ఏంటే?" అని నూకరత్నం ఒకసారి అడిగింది.

"గట్టిగా తిట్టడమేనమ్మా."

"దానికి గిటారెందుకే? బజారుకి రా, ఊరికే నేర్పుతాను."

లోవలక్ష్మి రాసిన పాటల్లో ఒకటి హాస్టల్ మెస్ మీద, ఒకటి కరెంటు కోతల మీద. వాటి మీద ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మూడోది త్రిమూర్తులు మీద. రేవులో మూడో నంబరు తుఫాను హెచ్చరిక ఎగిరాక కూడా ఫోన్ చేసి తన తండ్రిని పంపింది ఆయనేనని అందులో ఉంది. ఆ హెచ్చరికల్లో నంబరు పెరిగితే ప్రమాదం పెరిగినట్టు. అది ఆమె ఊహ. రుజువు లేదు. త్రిమూర్తులు నోట ఆ మాట ఒక్కసారి వినాలని, పల్లె కూడా వినాలని ఆమె ఆ పాట కట్టింది. అమ్మవారి జాతరలో స్టేజీ ఎక్కి పాడింది.

మర్నాడే పెద్దలు కూర్చున్నారు. రుజువు లేని మాట పల్లెలో పాడకూడదని తీర్మానించారు. లోవలక్ష్మి సరేనంది.

"మాటలొద్దన్నారు గానీ వాయించొద్దనలేదుగా," అన్నాడు శశిభూషణ్. ఆయన ఆ పాటను సర్ఫ్ పద్ధతిలోకి మార్చాడు. సర్ఫ్ గిటార్ అనేది అరవై ఏళ్ల కిందట అమెరికాలో కెరటాల మీద పలకలేసుకుని తిరిగే కుర్రాళ్ల సంగీతం. గిటారు శబ్దాన్ని నీళ్లలో ముంచి తీసినట్టు వినిపిస్తారు. ఎవరూ పాడరు. గొంతు పలికే ప్రతి అక్షరం దగ్గర గిటారు పలుకుతుంది. మెస్ పాటనూ, కరెంటు పాటనూ కూడా అలాగే మార్చారు. ఏటా ఉండే చేపల వేట నిషేధం ముగిసి పడవలు నీళ్లలోకి దింపిన రోజు మూడూ ఒడ్డున వాయించారు. పిల్లలు గంతులేశారు. త్రిమూర్తులు మూడోది పూర్తి కాకుండానే ఇంటికి వెళ్లిపోయాడు.

ఆదివారం హాల్లో కుర్చీలు పెద్దలకు, త్రిమూర్తులుకు సరిపోయాయి. నూకరత్నం గోడవార నేల మీద కూర్చుంది. మిగతావాళ్లు కిటికీల దగ్గర నిలబడ్డారు. పెద్దల్లో ముఖ్యుడు బుల్లబ్బాయి ముందు ట్యూను వినిపించమన్నాడు. ఆంప్లిఫయర్ ప్లగ్గు ఫ్యాను పాయింటులో పెట్టారు. ముగ్గురూ వాయించారు.

"నాకు ఇంజను మోతలాగుంది," అన్నాడు ఒక పెద్ద.

"నాకు బాగానే ఉంది," అన్నాడు ఇంకొకాయన.

"తిడతందండి," అన్నాడు త్రిమూర్తులు.

"ఏమని తిడతంది?" అన్నాడు బుల్లబ్బాయి.

"మీకు తెలీదా ఏంటండి? జాతరలో విన్నారు కదా."

"జాతరలో మాటలున్నాయి. ఇప్పుడు లేవు. ఏ మోత దగ్గర ఏమంటందో చూపించు. లేదంటే నువ్వే ఊహించుకున్నావని రాయాలి."

"నేనెలా చూపిస్తానండి?"

"పాడు."

కిటికీ దగ్గర ఎవరో నవ్వారు. బుల్లబ్బాయి అటు చూశాడు. నవ్వు ఆగింది.

త్రిమూర్తులు లేచి లుంగీ సరిచేసుకున్నాడు. శశిభూషణ్ మొదలుపెట్టాడు. రెండో వరస దగ్గర త్రిమూర్తులు అందుకున్నాడు. పాట ఆయనకు మొత్తం వచ్చు. శ్రుతి తప్పలేదు. శశిభూషణ్ తర్వాత ఈ సంగతి ఒప్పుకున్నాడు.

"పడవ నీది మావా, ప్రాణం నాన్నది మావా," అని పాడి త్రిమూర్తులు గిటారు వైపు వేలు చూపించాడు. "ఇదిగో, 'మావా' అన్నచోట తీగ ఎలా సాగదీశాడో చూశారా? అది నన్నే."

పెద్దలు తలలూపారు.

"మూడో నంబరు ఎగిరాక ఫోన్ కొట్టావు మావా..."

ఇక్కడ ఆయన చెయ్యెత్తి ఆపమన్నాడు. ఏసుపాదం ఇంకో రెండు దెబ్బలు వేసి ఆగాడు.

"ఇది చూడండి, ఇక్కడ శుద్ధ అబద్ధం," అన్నాడు త్రిమూర్తులు. "మూడో నంబరు మధ్యాహ్నం ఎగరేశారు. నేను ఫోన్ చేసేటప్పటికి రేవులో ఉన్నది ఒకటో నంబరే. కావాలంటే పోర్టులో అడగండి."

ఆంప్లిఫయర్ సన్నగా గుయ్యిమంటోంది.

"ఎవరికి ఫోన్ చేసేటప్పటికి?" అన్నాడు బుల్లబ్బాయి.

త్రిమూర్తులు కుర్చీ కోసం వెనక్కి చూశాడు. ఆయన కుర్చీలో అప్పటికే ఇంకొకరు కూర్చున్నారు.

గోడవార కూర్చున్న నూకరత్నం లేచింది. జాతర నాటి నుంచి ఈ విషయంలో ఆమె నోరు విప్పలేదు.

"ఏమన్నాడురా?" అంది.

"ఎవరక్కా?"

"ఫోన్లో. ఆయన."



"వెళ్లనన్నాడు."

"ఇంకా?"

"గాలి బాలేదన్నాడు. ఎవరూ రానంటున్నారన్నాడు. కొత్త వలక్కా, రాత్రే సముద్రంలో వేశాం. నేనే... వల పోతే నీదే పూచీ అన్నాను."

నూకరత్నం కిటికీల వైపు తిరిగింది. ఒక్కో కిటికీ దగ్గర ఆగి అక్కడున్నవాళ్లను చూసింది.

"విన్నారా? వెళ్లనన్నాడంట. గాలి చూశాడు. చూసే చెప్పాడు."

కిటికీల దగ్గరివాళ్లు విన్నామన్నారు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "విన్నాం వదినా" అంది.

పెద్దలు లోపలి గదిలోకి వెళ్లి వచ్చారు. ట్యూను మీద ఫిర్యాదు కొట్టేశారు. వల సంగతి, ఫోను సంగతి వచ్చే ఆదివారం విడిగా తేలుస్తామన్నారు. మాటల మీద పెట్టిన కట్టడి కూడా తీసేస్తున్నామన్నాడు బుల్లబ్బాయి.

"మూడో నంబరన్నది మాత్రం దిద్దాలమ్మాయ్. ఒకటో నంబరని పెట్టి పాడుకో."

లోవలక్ష్మి బేస్ గిటార్ భుజం మీంచి దించింది.

"ఇంక నేను పాడక్కర్లేదండి," అంది. "మావయ్య పాడేశాడు కదా."