ఎర్ర చేను ఆనవాలు

వాల్తేరులో రాళ్ళ మీద పరిశోధన చేస్తున్న గిడ్డయ్య, ఆదోని పత్తి వర్తకుల హాల్లో వేదిక ఎక్కినప్పటి నుంచీ తన కాగితాలే తిరగేస్తూ ఉన్నాడు. ఎమ్మిగనూరులో నేతపని చేసుకునేవాళ్ళ ఇంట్లో పుట్టినవాడు. రాళ్ళతో ఎన్ని గంటలైనా గడపగలడు గానీ, మనుషుల ముందు నిలబడాలంటే భయం. ఆ ఏడు యూనివర్సిటీవాళ్ళకు ఒక ముచ్చట పుట్టింది. డాక్టరేటుకు చదివే కుర్రవాళ్ళు తమ తమ జిల్లాలకు పోయి, తాము చేస్తున్న పనేమిటో మామూలు జనానికి అర్థమయ్యేట్టు చెప్పి రావాలట. "జనం మెచ్చినవాడికే పరిశోధనకు ఇంకో ఏడాది పొడిగింపు" అని పెద్ద ప్రొఫెసరు నవ్వుతూనే అన్నాడు. ఆ ఏడాది దొరక్కపోతే గిడ్డయ్య మూడేళ్ళ కష్టం గంగలో కలిసినట్టే.

ముందు మాట్లాడినవాడు గోపాలయ్య, అతని తోటి పరిశోధకుడు. పత్తికాయను తొలిచే పురుగు అతని విషయం. పత్తి వ్యాపారుల ముందు పత్తి పురుగు గురించి చెప్తే వినకుండా ఎవరుంటారు? అరగంటసేపు ఒక్కరు కదల్లేదు. చప్పట్ల మధ్య అతను దిగాడు, గిడ్డయ్య లేచాడు.

జొన్నగిరి చుట్టుపక్కల పలుగురాళ్ళు ఎన్ని కోట్ల ఏళ్ళ నాటివో, నేల అడుగున మరిగే నీళ్ళు బండల పగుళ్ళలోకి ఎగదన్నితే వాటిలో కరిగి ఉన్నది రాయిగా ఎట్లా గట్టిపడిందో చెప్పడం మొదలుపెట్టాడు. పది నిమిషాలకు ముందు వరుసలో ఒకాయన ఆవలించాడు. ఆయన్ని చూసి పక్కాయన. వెనక నలుగురు కండువాలు దులుపుకుని లేచారు. గిడ్డయ్య చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టి సంచిలో చెయ్యి పెట్టాడు.

ఆ సంచిలో ఒక తెల్లరాయి ముక్క ఉంది. జొన్నగిరి దగ్గర సేద్యం చేసుకునే భీమక్క చేలోది. మూడు నెలల కిందట, ఆవిడ చేలో రాళ్ళ కోసం నడుములోతు గుంత తవ్వుకుంటానంటే కాదనకుండా, ఎండలో పనిచేస్తున్నాడని రోజూ ఇంత మజ్జిగ కూడా పోసింది. బదులుగా ఒక్కటే అడిగింది.

"ఈ సేను సంగతి ఎవ్వురికీ సెప్పద్దప్పా. మా పెదనాయన సేన్లో ఏదో దొరికిందని జనం పడి గుంతలు సేసి పోయినారు. ఆడ ఇప్పుడు కంప తప్ప ఏమీ మొలిసేది ల్యాదు."

గిడ్డయ్య చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు. ఇప్పుడు అదే చేత్తో రాయి పైకెత్తి, "ఇందులో బంగారముంది" అన్నాడు.

లేచినవాళ్ళు కూర్చున్నారు. ముందు వరుసలో ఆవలించిన వీరభద్రయ్య, పెద్ద పత్తి సావుకారు, నిటారుగా కూర్చున్నాడు.

"యాడ దొరికింది నాయనా అది?"

నమూనా ఎక్కడిదో చెప్పలేనివాణ్ణి వాల్తేరులో గది దాటనివ్వరు. మూడేళ్ళ అలవాటు. అది సగం, ఇన్ని కళ్ళు తననే చూస్తున్నాయన్న మైకం సగం. "జొన్నగిరికి దక్షిణాన, వంక దాటినాక, జంట వేపచెట్ల కింది ఎర్ర చేలో" అనేశాడు. బండెడు రాయి దంచినా ఆవగింజంత బంగారం రాదన్న సంగతి తర్వాతి కాగితం మీద ఉంది. చప్పట్లు మోగుతుంటే ఆ కాగితం తిప్పబుద్ధి కాలేదు.

పేరు చెప్పలేదు కదా అని బసకు పోయేదాకా తనకు తానే సర్ది చెప్పుకున్నాడు. అంత చదివినవాడికి, ఆనవాలు చెప్పాక పేరెందుకో తెలియదా? తెలుసు. తెలిసే అన్నం సయించలేదు.

మర్నాడు సాయంత్రం ఎమ్మిగనూరులో ఉపన్యాసం. మగ్గాలు ఆపుకుని మరీ వచ్చారు జనం. గిడ్డయ్య ఈసారి చేను మాట ఎత్తలేదు. వెనక నుంచి చిన్నప్ప, అతనికి చిన్నాన్న వరస, లేచి నిలబడ్డాడు.

"ఆదోనోళ్ళకు సెప్తివి, సొంతూరోళ్ళకు సెప్పవా? పొద్దున్నే ఆడికి నాలుగు బండ్లు పోయినాయంట."

అందరూ నవ్వారు. ఆ తర్వాత తనేం మాట్లాడాడో గిడ్డయ్యకే గుర్తులేదు.

తెల్లవారి ఆదోనికి పోయి రైలెక్కి, గుంతకల్లులో మారి, జొన్నగిరికి దగ్గరైన తుగ్గలిలో దిగాడు. పెట్టెలో ఎదురు బల్ల మీద ఇద్దరు గడ్డపారలు పట్టుకుని కూర్చున్నారు. ఎక్కడికని అడిగే ధైర్యం అతనికి లేకపోయింది. స్టేషను నుంచి నడుస్తున్నంతసేపూ భీమక్క తిట్టే తిట్లన్నీ ముందుగానే వినబడ్డాయి. తిట్టనీ, కొట్టనీ, పైరొక్కటి నిలిస్తే చాలనుకున్నాడు.

చేను గట్టు మీద ముప్ఫై నలభైమంది నిలబడి ఉన్నారు. ఎవరూ లోపలికి దిగలేదు. దిగనివ్వకుండా భీమక్క అల్లుడు కర్ర పట్టుకుని కాపలా ఉన్నాడు. చేను మధ్యలో భీమక్కా, ఆమె కూతురూ తవ్వుతున్నారు. జానెడు లేచిన కొర్రపైరు వేళ్ళతో సహా పీకి ఓ పక్కన కుప్పేసి ఉంది. చేలో సగం గుంతలే.

"ఎందుకు పీకినావమ్మా?" గిడ్డయ్య గట్టు దిగుతూ అడిగాడు.

భీమక్క నడుం పట్టుకుని లేచింది. మొహంలో కోపం మచ్చుకైనా లేదు.

"ఎట్లాగూ వీళ్ళు తవ్వకుండా పోరు. అదేదో నేనే తవ్వుకుంటే మేలు కదప్పా. అంతమంది సావుకార్ల ముందర సెప్పినావంట. ఉత్తదైతే నీయంత సదువుకున్నోడు సెప్తాడా?"

గిడ్డయ్యకు తల తీసేసినట్టయింది. గట్టు మీదివాళ్ళ వైపు తిరిగి గొంతు చించుకుని చెప్పాడు. ఇక్కడ ఉన్నది లెక్కలోకి రానంతేననీ, బండెడు రాయి దంచినా ఆవగింజంత రాదనీ, ఆదోనిలో తాను సగమే చెప్పాననీ, అది తన తప్పేననీ, ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. అతని జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. జనం గొణుక్కున్నారు. కొందరు పారలు భుజాన వేసుకున్నారు.

"ఇన్నారు కదా. ఏమీ ల్యాదంట, పోండి" అని భీమక్క కూడా గట్టిగా అరిచింది.

ఒక్కొక్కరే కదిలి, చివరివాడు వంక దాటిందాకా ఆమె చూస్తూ నిలబడింది. అప్పుడు దగ్గరికొచ్చి, కొంగుతో చెమట తుడుచుకుంటూ గొంతు తగ్గించింది.

"బాగ సెప్పినావు నాయనా, అందురూ నమ్మినారు. ఇప్పుడు సెప్పు, యాడ తవ్వల్ల?"

కూతురు అప్పటికే ఇంకో సాలు పైరు పీకడం మొదలుపెట్టింది.