ఇంట్లోనే ఉన్న తల

పుంగనూరులో ఆ గురువారం సాయంత్రం నాగవేణి వీధంతా తిరిగింది. ప్రతి ఇంటి ముందూ ఆగి ఒకటే అడిగింది, రేపు ఒక పూటకు తల ఇస్తారా అని. మదనపల్లెలో ఫర్హానా నడిపే బ్యూటీపార్లర్‌లో ఆమె పని నేర్చుకుంటోంది. రోలర్లు చుట్టి జుట్టుకు వంపులు తెప్పించడం ఇన్నాళ్లూ బొమ్మ తల మీదే సాధన చేసింది. "రేపు మనిషి తల మీద చేసి సూపించు. బాగుంటే కుప్పం పెండ్లికి నిన్నే పంపిస్తా" అంది ఫర్హానా. అది నాగవేణికి దొరకబోయే మొదటి సొంత పని.

చక్కెర అడిగితే గిన్నె నిండా పోసే ఇరుగుపొరుగు, తల అనేసరికి వెనక్కి తగ్గారు.

"శుక్రవారం పూట నూనె లేకుండా జుట్టు ఇరబోసుకోని కూసుంటే ఇంట్లో లక్ష్మి నిలుస్తాదా? నీకు పున్నెముంటాది, ఇంకెవురినన్నా అడుగు పో" అంది ఎదురింటి రాములమ్మ.

నాగవేణి ఉసూరుమంటూ వచ్చి గడప మీద కూలబడింది. ఆవుకు మేత వేస్తున్న అత్త ముత్యాలమ్మ సంగతంతా విని చేతులు దులుపుకుంది.

"నా తల ఉండాది గదమ్మా. ముత్తైదువులకైతే వారాలు, వర్జ్యాలు. మీ మామ పోయినంక నాకు ఏ వారమైతే ఏమి?"

పాఠకులారా, గమనించండి. నాగవేణి చెడ్డ కోడలు కాదు. అత్తకు వేడివేడిగా సంగటి పెట్టాకే తాను తినే మనిషి. అయినా వీధిలోని గడపలన్నీ ఎక్కింది కానీ, ఒకే కప్పు కింద ఉన్న అత్తను అడగాలని ఆమెకు తోచలేదు. భర్త పోయిన నాడు పూలు తీసేసి బిగించుకున్న ఆ ముడిని మళ్లీ అలంకరించవచ్చని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాగవేణికి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

మరునాడు పార్లర్‌లో మొదటి రోలర్ చుట్టగానే జారి కింద పడింది. రెండోదీ అంతే. ఫర్హానా ముత్యాలమ్మ జుట్టు పట్టి చూసి పకపకా నవ్వింది.

"అరె, తలకు ఏం పెట్టినావమ్మా?"

"ఆముదం, తల్లీ. నలుగుర్లోకి వస్తాండాను గదా, రేగిన తలతో యెట్ల వచ్చేది?" అంది ముత్యాలమ్మ బిక్కమొహంతో.

మళ్లీ షాంపూతో తలంటి, పాయలు తీసి, కొసలు మడతపడకుండా చుట్టి ఆరబెట్టారు. వేడి చల్లారేదాకా ఓపిక పట్టి రోలర్లు విప్పితే, నెరిసిన జుట్టు వంపులు తిరిగి భుజాల మీద పడింది. ముత్యాలమ్మ అద్దంలోకి చూసి గబుక్కున కొంగు తల మీదికి లాక్కుంది.

"ఎవురన్నా సూస్తే నగుతారు."

"నగనీ అత్తా. వాళ్ల కోసం ఇన్నాళ్లు ముడేసుకున్నావు, సాలు" అంటూ నాగవేణి కొంగు మెల్లగా దించింది.

"కుప్పానికి నువ్వే పోతాండావు" అంది ఫర్హానా.

పిన్నులు అందించడానికి నాగవేణి అత్తనే వెంటబెట్టుకుని కుప్పం వెళ్లింది. పెళ్లికూతురి గది దాకా వచ్చి ముత్యాలమ్మ గుమ్మం బయటే ఆగిపోయింది.

"శుభమా అని పెండ్లి జరగతా ఉంటే నా చేత్తో అందించేదా? వద్దమ్మా."

"ఆమె చెప్పేదీ నిజమే" అని లోపలున్న పెద్దవాళ్లలో ఎవరో గొణిగారు. ఈ పని చెడితే మళ్లీ పిలిచేవాళ్లు ఉండరని నాగవేణికి తెలుసు. అయినా దువ్వెన బల్ల మీద పెట్టేసింది.

"మా వీధంతా ముత్తైదువులే అమ్మా, ఒక్కరూ తల ఇయ్యలేదు. ఈమె ఇచ్చింది గాబట్టే నాకీ పని వచ్చింది. ఈమె చెయ్యి మంచిది కాదంటే నా చెయ్యీ మంచిది కాదు."

పెళ్లికూతురే గుమ్మం వైపు చెయ్యి చాచింది.

"రా అవ్వా, రిసెప్షన్‌కి టైమవుతాండాది. పిన్నులియ్యి."

ముత్యాలమ్మ కళ్లు తుడుచుకుని లోపలికి వచ్చింది. భర్త పోయినంత మాత్రాన ఆడమనిషి చెయ్యి అశుభం కాదు. ఆ చేతిని గుమ్మం బయట నిలబెట్టే ఆచారమే అశుభం.