ఇవ్వనన్న లోవలక్ష్మి

ఒళ్లో ఉన్న పసిగుడ్డును లాక్కుపోయారు. అర్ధరాత్రి దొంగలు కాదు, నరసాపురం పక్క పాలెంలో పట్టపగలు, బోటు యజమాని పెదబాబు మనుషులు. పదిహేడేళ్ల లోవలక్ష్మి ఇసకలో పడి ఏడుస్తుంటే పెదబాబు అరుగు మీద నిలబడి నవ్వాడు. కాలేజీ తమ్ముళ్లూ, ఎనభై మూడు నాటి ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బిడ్డ తండ్రి బుల్లబ్బాయికి పద్దెనిమిదేళ్లు. పెదబాబు బోటు మీదే కూలి. ఇద్దరూ పెళ్లి చేసుకుంటామంటే పెదబాబు జరగనివ్వలేదు. బిడ్డ పుట్టగానే తనకు పిల్లల్లేరు కాబట్టి దత్తత తీసుకుంటానన్నాడు. లోవలక్ష్మి తండ్రి సత్తియ్య సరేనన్నాడు. అనకపోతే బోటెక్కనివ్వరు మరి.

జాలరుల సంఘం పని మీద తిరుగుతున్న నేను ఆ సాయంత్రమే మీటింగు పెట్టించాను. చేపలమ్మే సత్యకుమారి పాకలో ఇరుక్కుని కూర్చున్నాం.

"పెళ్లి కాకుండా కన్నదానికి హక్కులేంటండీ?" అన్నాడు ముసలి బుల్లియ్య. "పరువు దక్కేలా యజమానిగారు దారి చూపిత్తంటే ఈ గోలేంటి?"

సత్యకుమారి లేచింది. "పరువు మీద అంత బెంగుంటే పెళ్లెందుకు ఆపాడయ్యా? ఏటకెళ్లేది మనం, చేప ఆడిది. ఇప్పుడు మన కడుపున పుట్టిందీ ఆడిదేనా?"

"ఒకే కులపోళ్లం కదే!"

"కులం ఒకటే. బోటు ఆడిది, తుపాను మనది."

నేను చట్టం చెప్పాను. పెళ్లికాని తల్లి బిడ్డను దత్తతిచ్చే హక్కు తల్లిదే. తాత ఇస్తే చెల్లదు. తల్లి ఇష్టపడి, నలుగురిలో బిడ్డను అప్పగించాలి. బెదిరిస్తే అది ఇవ్వడం కాదు.

"చట్టం ఆడి అరుగెక్కుద్దా అండీ?" అంది లోవలక్ష్మి.

"చట్టం ఎక్కదు. మనం ఎక్కుదాం" అంది సత్యకుమారి.

రేపెవడూ కాదనకుండా సాక్ష్యం ఉంటుందని పెదబాబు దత్తతకు పాలెమంతటినీ భోజనానికి పిలిచాడు. పందిరి, మేళం, పులిహోర. ఇచ్చేవారు రావాలని పురోహితుడు పిలిస్తే సత్తియ్య తల వంచుకుని ముందుకొచ్చాడు.

"తాత ఇస్తే చెల్లదు!" అని సత్యకుమారి అరిచింది. వెనకే ఆడవాళ్లంతా అరిచారు. పురోహితుడు నీళ్లు నమిలి, అది నిజమేనని ఒప్పుకున్నాడు.

"అయితే దాన్నే ఇమ్మనండి" అన్నాడు పెదబాబు. "ఇవ్వక చస్తుందా? దాని బాబు కూడు నా చేతిలో ఉంది."

అక్కడే తప్పులో కాలేశాడు. తల్లి చేత ఇప్పించాలంటే ముందు తల్లికి బిడ్డను ఇవ్వాలిగా! తెచ్చి లోవలక్ష్మి చేతుల్లో పెట్టారు. ఆ పిల్ల బిడ్డను పైట కిందికి లాక్కుంది.

"ఇవ్వనండి."

"ఏంటే?"

"నా బిడ్డని ఇవ్వను."

బుల్లబ్బాయి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. పెదబాబు సత్తియ్య మీదికి తిరిగాడు. "నీకింక బోటు లేదురా!"

సత్తియ్య కూతుర్ని చూశాడు. "వద్దులెండి" అన్నాడు.

బుల్లియ్య విస్తరి ముందు నుంచి లేచాడు. "నాకూ వద్దు." బంతి బంతంతా లేచింది. పులిహోర ఈగల పాలైంది.

సాయంత్రానికి పోలీసు జీపు దిగింది. శుభకార్యం చెడగొట్టారని సత్యకుమారినీ బుల్లబ్బాయినీ కొట్టి తీసుకుపోయారు. పాలెమంతా స్టేషనుకు నడిచాం.

ఎస్సై మెత్తగా మాట్లాడాడు. "బిడ్డని ఆయనకిచ్చెయ్యమ్మా. వీళ్లని ఇప్పుడే వదిలేస్తా."

లోవలక్ష్మి లాకప్ వైపు చూసింది. బుల్లబ్బాయి పెదవి చిట్లి రక్తం కారుతోంది. ఆ క్షణాన నాకు నిజంగా భయమేసింది.

"మా కోసం ఇచ్చావంటే నీ మొహం చూడనే!" లోపల్నుంచి సత్యకుమారి కేకేసింది.

"ఇవ్వనండి" అంది లోవలక్ష్మి. బిడ్డతో సహా లాకప్ తలుపు దగ్గరికి నడిచింది. "తియ్యండి. నన్నూ ఎయ్యండి."

ఆమె వెనక సత్తియ్య నిలబడ్డాడు. సత్తియ్య వెనక బుల్లియ్య. ఎస్సై తాళంచెవి పట్టుకుని గుమ్మంలోకి చూశాడు. మేమింకా లోపలికి వస్తూనే ఉన్నాం.