సుత్తి ఆడిన మొదటి పోటీ

మోటారు షెడ్డులో అతన్ని అందరూ సుత్తి అనే పిలిచేవారు. బిగుసుకుపోయిన నట్టయినా, ఎదురు మాట్లాడిన మనిషయినా ఒక్క దెబ్బకే లొంగాలనేది అతని పద్ధతి. ఆ పద్ధతిలోనే ఓ మధ్యాహ్నం తోటి పనివాడైన పెయింటరు దవడ పగలగొట్టాడు. బండి కింద పడుకుని సైలెన్సరు విప్పుతుంటే తుప్పు రాలి సుత్తి కళ్ళలో పడింది. పెయింటరు పకపకా నవ్వాడు. సుత్తి లేచి చేతిలో ఉన్న స్పానరుతోనే కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు కంప్రెసరు మోతలో కూడా వినబడింది.

షెడ్డు యజమాని ఇరువైపుల వాళ్ళనీ కూర్చోబెట్టి రాజీ చేశాడు. "నేను కబురు పెట్టేదాకా నీ మొహం ఇటు చూపించకు," అన్నాడు సుత్తితో.

సుత్తి ఉండేది అక్క ఇంట్లోనే. పనీపాటా లేకుండా తలుపులు దబదబా వేస్తూ తిరిగే తమ్ముణ్ణి చూస్తే ఆమెకు గుండె దడ పట్టుకుంది. "వీణ్ణి ఎక్కడైనా కూర్చోబెట్టవయ్యా. లేకపోతే ఈసారి పగిలేది మన కొంపే," అంది మొగుడితో.

బావది మాంసం కొట్టు. కొట్టు కట్టేశాక మంగలిషాపు మీది గదిలో చదరంగం ఆడుకోవడం అతనికి అలవాటు. అది క్లబ్బు అంటే క్లబ్బు, ఇరుకుగది అంటే ఇరుకుగది. అక్కడికే బావమరిదిని లాక్కెళ్ళాడు.

మొదటి ఆటలోనే సుత్తి మంత్రిని ముందుకు ఉరికించాడు. బావ తాపీగా గుర్రంతో దాన్ని లేపేశాడు. సుత్తి బల్లను ఒక్క తన్ను తన్నాడు. పావులు గదంతా చెల్లాచెదురయ్యాయి. మరుక్షణం బావ అతని మెడ పట్టుకుని నేలకు వంచేశాడు.

"ఏరుకోరా! ఒక్క బంటు తగ్గిందా, ఆ కిటికీలోంచి నిన్ను విసిరేస్తా."

ముక్కులోంచి రక్తం కారుతుంటే సుత్తి బల్లల కింద పాక్కుంటూ పావులన్నీ ఏరాడు. చిత్రమేమిటంటే, మర్నాడు పిలవకుండానే వచ్చాడు. ఎంతమందిని చంపినా ఎవరూ అడ్డం రాని చోటు అతనికి అదొక్కటే దొరికింది మరి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఆదివారం చిన్న పోటీ పెడుతున్నారని తెలిసి పేరు కూడా ఇచ్చాడు.

బావ ఆట నేర్పే తీరు మొరటుగా ఉండేది. తొందరపడి చెయ్యి చాపితే చాలు, నెత్తిన మొట్టికాయ పడేది. "కొట్టే వీలుందని కొట్టెయ్యడమేనా? కొట్టాక అవతలోడు ఏం చేస్తాడో చూసుకోవద్దూ?"

ఓ సాయంత్రం దవడకు కట్టుతో పెయింటరు లోపలికొచ్చాడు. అతనూ ఆ క్లబ్బులో కొత్తగా నేర్చుకుంటున్నవాడే, పోటీకి పేరిచ్చినవాడే. పళ్ళు తీగతో బిగించడంతో మాట రావడం లేదు. మూలన కూర్చుని ఆడుకున్నాడు. సుత్తి టక్కుమని పావు పెట్టినప్పుడల్లా అతని భుజాలు ఉలిక్కిపడుతున్నాయి. సుత్తి అది గమనించాడు. ఆ తర్వాత పావులు మెల్లగా పెట్టాడు.

పోటీకి ముందురోజు సుత్తీ బావా క్లబ్బు మెట్లు దిగుతుంటే పెయింటరు అన్న ఎదురొచ్చాడు. లారీ డ్రైవరు. చేతిలో జాకీ రాడ్డు.

"నా తమ్ముడు గొట్టంతో గంజి తాగుతున్నాడురా! నీకు ఆటలు కావాల్సొచ్చాయా?"

మొదటి దెబ్బ సుత్తి భుజం మీద పడింది. రెండోది తలకు తగలాల్సింది. బావ చెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్ళు రాడ్డుకీ గోడకీ మధ్య నలిగిపోయాయి. బావ అరిచిన అరుపుకి సుత్తికి కోపంతో కళ్ళు కనబడలేదు. రాడ్డు లాక్కుని డ్రైవరు మోకాలి చిప్ప మీద కొట్టాడు. మనిషి కూలిపోయాడు. వీపు మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మెట్ల మీద నుంచి పెయింటరు దూకినట్టు వచ్చి, గొంతులో గురగురమంటూ అన్న మీద అడ్డంగా పడ్డాడు. రాడ్డు అప్పటికే పైకి లేచింది. బావ ఎడమచేత్తో సుత్తి జుట్టు పట్టి గుంజాడు కాబట్టి ఆ దెబ్బ గోడకు తగిలింది. తనంతట తాను ఆగేవాణ్ణని సుత్తి తర్వాత ఎప్పుడూ చెప్పుకోలేదు.

ఆస్పత్రిలో బావనీ డ్రైవరునీ ఒకే హాల్లో పడుకోబెట్టారు. పోలీసులొస్తే, మెట్ల మీద జారిపడ్డామని ఇద్దరూ ఒకే అబద్ధం చెప్పారు. అక్క వచ్చీరావడంతోనే తమ్ముణ్ణి అందరిముందూ చెడామడా వాయించింది. "నా మొగుడు కత్తి పట్టే చెయ్యిరా అది! నీ నోట్లోకి ముద్ద ఎక్కణ్ణుంచి వస్తోందనుకున్నావు?"



"రేపు పోటీకి వెళ్ళు," అన్నాడు బావ నీరసంగా.

"ఇంకా ఏం పోటీ బావా?"

"ఆ పెయింటరు వస్తాడు. వాడి ఎదురుగా కూర్చోడానికి భయమైతే చెప్పు, మానేద్దువుగాని."

ఆదివారం సుత్తి బట్టలకొట్టు గుమాస్తాను ఓడించాడు. రెండో ఆటకు పెయింటరు ఎదురొచ్చాడు.  కాసేపటికి ఏనుగును కాపలా లేకుండా వదిలాడు. సుత్తి చెయ్యి చాపి, ఆగి, చూశాడు. అది ఎర. ముట్టుకోలేదు. అయినా తర్వాత మరోవైపు నుంచి తన మంత్రి పోయింది. సుత్తి పిడికిలి బిగుసుకుంది. పెయింటరు చటుక్కున కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. గదిలో అందరూ లేచి నిలబడ్డారు. సుత్తి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాడు. ఎత్తు వేయాల్సొచ్చినప్పుడు మాత్రమే ఒక చెయ్యి బయటికి తీశాడు.

చివరికి పెయింటరు వేలితో బల్లను రెండుసార్లు తట్టాడు. మాట రాదు కదా.

"ఆట కట్టు," అన్నాడు సుత్తి అతని బదులు. "నేను ఓడిపోయాను." చెయ్యి చాపాడు.

పెయింటరు ఆ చేతిని కాసేపు చూసి, తన చేతులు జేబుల్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు. సుత్తి చాపిన చెయ్యి చాలాసేపు బల్ల మీదే ఉంది.

ఆస్పత్రికి వెళ్తే లారీ డ్రైవరే ముందు పలకరించాడు. "ఏమైందిరా?"

"మీ తమ్ముడు గెలిచాడన్నా."

డ్రైవరు విరగబడి నవ్వబోయి, మోకాలు కలుక్కుమంటే బూతులు లంకించుకున్నాడు. "నువ్వు మళ్ళీ ఆ మెట్ల దగ్గర కనబడ్డావో, ఒంటికాలి మీదైనా వచ్చి నీ సంగతి చూస్తా."

"సరేనన్నా," అన్నాడు సుత్తి.

పక్క మంచం మీంచి బావ కసిరాడు. "మంత్రిని ముందే బయటికి తీసి ఉంటావు, వెధవా!"

"లేదు బావా. ఎరగా పెట్టిన ఏనుగును కూడా తినలేదు."

"మరెలా ఓడావు?"

సుత్తి మంచం అంచున కూర్చుని మొదటి ఎత్తు నుంచీ చెప్పడం మొదలెట్టాడు. డ్రైవరు మొహం అటు తిప్పుకుని పడుకున్నాడు గాని, కాసేపయ్యాక ఉండబట్టలేక అడిగాడు.

"ఆ ఏనుగు ఎర అని నీకెలా తెలిసింది?"