గుర్రాన్ని మింగిన బుడగ

టీకి నీళ్లు పొయ్యి మీద పెట్టి, అవి మరిగేలోగా ఒక బుడగ కత్తిరించి అతికించేయడం ఆమెకు అలవాటు. బుడగంటే, బొమ్మల కథల్లో మనిషి నోటి పక్కన తోకతో తెల్లగా ఉంటుందే, లోపల మాటలుంటాయే, అది. ఆ ఇంట్లో దానికి మరో పేరు లేదు. వంటింటి గట్టు మీద ఉప్పు డబ్బా పక్కనే చిన్న కత్తెర, జిగురు సీసా ఎప్పుడూ ఉంటాయి. కొత్తలో అత్తగారు "వంటింట్లో జిగురేమిటే, ఎవరైనా పాలనుకుని తాగితే నోరు తెరుచుకోదు" అని విసుక్కునేది. ఇప్పుడు "జిగురు అయిపోవచ్చింది, చూసుకున్నావా" అని గుర్తుచేసేది కూడా అత్తగారే.

వీధి గది, దాని పక్క గది కలిపి వాళ్ల ప్రచురణ సంస్థ. వీధి గుమ్మానికి చిన్న పలక వేలాడుతుంది గాని, దాన్ని చదివి లోపలికి వచ్చేవాళ్లు తక్కువ. భర్త కథలు రాస్తాడు, సంపాదకుడూ ఆయనే. మరిది బొమ్మలు వేస్తాడు. మిగతా పనులు ఆమెవి. మిగతా అన్న మాట చూడ్డానికి చిన్నదే, సంచీలాంటిది, ఎంత కూరినా పడుతుంది. భర్త రాసిన సంభాషణలను అందమైన చేతిరాతతో తెల్ల కాగితం మీద రాయడం, బుడగలుగా కత్తిరించడం, బొమ్మల మీద అతికించడం, తప్పులు చూడడం, పుస్తకాలు అచ్చయి వచ్చాక కట్టలు కట్టడం, చిరునామాలు రాయడం, మూడో సంచిక అందలేదని ఫోన్ చేసిన పిల్లవాడి తల్లిని బుజ్జగించడం, నడుమ నడుమ టీ, టీ తర్వాత కప్పులు. కప్పులు కడగడం ప్రచురణ కిందికి వస్తుందా ఇంటిపని కిందికి వస్తుందా అని ఒకసారి సరదాగా అడిగితే, భర్త కాసేపు నిజంగానే ఆలోచించి, "రెండూ ఒకటేగా" అన్నాడు.

అయినా ఆమెకు ఈ పనంటే ప్రాణం. అందులో అబద్ధం లేదు. కొత్త సంచిక కట్ట విప్పే రోజు ఆ ఇంట్లో ఎవరికీ అన్నం గుర్తుండదు. పురికొస తెగగానే భర్త పై పుస్తకం తీసి ముందు వాసన చూస్తాడు. మరిది తను వేసిన బొమ్మల్లో తప్పులు వెతుక్కుని, "వదినా, వీడికి ఈ చేతికి ఆరు వేళ్లు పడ్డాయి, నువ్వైనా చెప్పలేదేం" అని తల పట్టుకుంటాడు. ఆమె మాత్రం కిటికీ దగ్గర నిలబడి అక్షరాలు చూసుకుంటుంది. ఒకసారి ఖర్చు తగ్గుతుందని కంప్యూటర్ అక్షరాలతో ఒక సంచిక తెచ్చారు. ఒత్తులన్నీ కింది వరుస మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్నాయి. పాఠకులు గొడవచేస్తే మళ్లీ ఆమె కలానికే వచ్చారు. ఆ వారమంతా ఆమె పైకి ఏమీ అనలేదు గాని, కూరలన్నీ బాగా కుదిరాయి.

రంగులు వేయడానికి ఒక అమ్మాయి కొత్తగా పనిలో చేరినప్పుడు వచ్చింది ఆ మాట. భర్త ఆ అమ్మాయికి గదులు చూపిస్తూ చాలా హుషారుగా ఉన్నాడు. "ఇక్కడ ఎవరి పని వాళ్లది. కథా మాటలూ నావి, బొమ్మలు మా తమ్ముడివి, రంగులు ఇకనుంచి నీవి" అని చెప్పుకొచ్చాడు.

"మరి మేడమ్?" అంది ఆ అమ్మాయి, బల్ల దగ్గర వంగి గీతలు గీసుకుంటున్న ఆమెను చూసి.

"ఆవిడ ఎక్కిస్తుంది. నేను రాసింది ఉన్నది ఉన్నట్టు ఎక్కించడమే. చెయ్యి తిరిగితే చాలు, బుర్రతో పని లేదు."

చెడ్డ మనసుతో అన్న మాట కాదు. గది ఎక్కడుందో, స్విచ్ ఎక్కడుందో చెప్పినట్టే చెప్పాడు. అందుకే అది ముల్లులా గుచ్చుకోలేదు, చెప్పులో పడ్డ ఇసుక రేణువులా ఉండిపోయింది, నడిచినంతసేపూ.

ఎందుకంటే ఆయన రాసింది ఉన్నది ఉన్నట్టు ఆమె ఏనాడూ ఎక్కించలేదు. మొదటి పుస్తకంలోనే ఆ ఇబ్బంది వచ్చింది. ఆయన మాటలు బారెడు, మరిది వదిలిన చోటు బెత్తెడు. "ఇది పట్టడం లేదండీ" అని కాగితం పట్టుకెళ్తే, ఆయన ప్రెస్సు వాళ్లతో ఫోన్లో ఉండి, "ఏదో ఒకటి చేసి పట్టించు" అన్నాడు. పట్టించింది. ఆ తర్వాత అడగడం మానేసింది, పట్టించడం మానలేదు. వాళ్ల పత్రికకు పేరు తెచ్చింది తిరిగిచ్చే దొంగ కథ. గుర్రమెక్కి దేశాలు తిరుగుతూ, ఎప్పుడో తన తాత ఎత్తుకొచ్చిన వస్తువులన్నీ ఎవరివి వాళ్లకు ఇచ్చేస్తుంటాడు ఆ దొంగ. ప్రతి గుమ్మంలోనూ గుర్రం దిగి అతను అనే మాట పిల్లలు బడిలో కూడా అంటారట. "తెచ్చాను. మీదే." అంతే. పెన్సిలు తిరిగిచ్చినా అదే మాట, తీసుకున్న బంతి ఇచ్చినా అదే మాట. మొన్న ఒక పుస్తకాల దుకాణాయన వచ్చి, "మీ సంభాషణలు తూచి పెట్టినట్టుంటాయండీ" అని భర్త చేతులు పట్టుకున్నాడు. భర్త సిగ్గుపడుతూనే, "మాట క్లుప్తంగా ఉండాలండీ" అన్నాడు. అప్పుడామె ఆ ఇద్దరికీ టీ అందిస్తోంది. కప్పు ఒలకలేదు.

ఆయన దొంగతనం చేస్తున్నాడా అంటే, అదీ కాదు. అచ్చులో చదువుతున్నప్పుడు అది తను రాసిందేనని ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతాడు. ఇంట్లో మంచినీళ్ల కూజా నిండుగా ఉండటం కూజా గుణమే అనుకునేవాళ్లకు ఏమని చెబుతాం.

లోపలి అట్ట మీద పేర్లు కూడా ప్రతిసారీ ఆమే రాస్తుంది. కథ, మాటలు అని భర్త పేరు. బొమ్మలు అని మరిది పేరు. ఒకసారి తన పేరు సంగతి కదిపి చూసింది. "ఇంటి మనుషుల పేర్లు ఇప్పటికే రెండున్నాయి, మూడోది కూడా వేస్తే కుటుంబ వ్యవహారంలా ఉంటుంది, బాగోదు" అన్నాడాయన. రెండు పేర్ల దాకా బాగుండి, మూడో పేరు దగ్గర ఎలా చెడుతుందో ఆమెకు అర్థం కాలేదు. అయినా ఆ రెండు పేర్లనూ ఎప్పటిలాగే గుండ్రంగా, శ్రద్ధగా రాసింది. ఇప్పుడు ప్రత్యేక సంచిక వస్తోంది, తిరిగిచ్చే దొంగ కథకు అదే ముగింపు. ఈ అట్ట మీద లేని పేరు ఇక ఆ కథ మీద ఎప్పటికీ ఉండదు.

రంగుల అమ్మాయి చేరిన మర్నాడు పొద్దున్నే స్నానం చేసి దేవుడి ముందు కూర్చుంది. రోజూ కూర్చునేదే. అడగడానికి పెద్దగా ఏమీ ఉండదామెకు, అందరూ బాగుండాలంటుంది, మరిది మోకాలి నొప్పి కూడా కలుపుతుంది. ఆ రోజు మాత్రం వేరే మాట వచ్చింది. స్వామీ, చేసిన పని నేనే చేశాననుకోవడం పొగరా, లేకపోతే అబద్ధమాడకపోవడమా? ఈ లోకమంతా నువ్వే చేశావంటారు, నీ పేరు రోజుకు వందసార్లు తలుచుకోమంటారు, నువ్వు వద్దనలేదు కదా. అనుకున్నాక నాలుక కరుచుకుంది. చాలాసేపు ఎదురుచూసింది గాని, దేవుడు కోప్పడినట్టేమీ అనిపించలేదు. దీపం కుదురుగా వెలుగుతోంది. లేచి వంటింట్లోకి వెళ్లేసరికి మనసు తేలికగా ఉంది. మా ఆయన చెప్పిందే చేద్దాం, అనుకుంది. ఎదురుచెప్పడం కాదు, మాట వినడమే.

ఆ సంచికలో చివరి బొమ్మకు మరిది ప్రాణం పెట్టాడు. రెండు పేజీల నిండా కొండ, కొండ అంచున ముందు కాళ్లు రెండూ ఎత్తిన గుర్రం, గుర్రం మీద దొంగ, కింద లోయలో అతని సొంత ఊరు. ఆ గుర్రం కాళ్ల కోసం మరిది వారాల తరబడి గుర్రాల వీడియోలు చూశాడు. నిద్రలో సకిలిస్తున్నాడని అత్తగారు హడలిపోయింది కూడా. ఆ బొమ్మలో దొంగ నోటి పక్కన బెత్తెడు చోటు ఉంది. ఆమె భర్త రాసిన కాగితం ముందు పెట్టుకుని, గీతలు గీసి, ఒక్క అక్షరం పోకుండా రాయడం మొదలుపెట్టింది. కాగితం చాలలేదు, ఇంకొకటి జోడించింది. అన్నీ రాశాక కత్తిరించి, తేలిగ్గా ఊడొచ్చేలా అంచున చుక్క జిగురు మాత్రమే రాసి, బొమ్మ మీద పెట్టింది. తర్వాత మిగతా పేజీలకు కూడా అలాగే చేసింది. రాస్తున్నంతసేపూ తప్పుచేస్తున్నట్టు లేదు. కొంచెం నవ్వు కూడా వచ్చింది.

పేజీలన్నీ ఎండాక బల్ల మీద పరిచింది. ముందు మరిది వచ్చాడు. చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"వదినా, నా గుర్రం ఏది?"

"ఉంది. మీ అన్నయ్య మాటల కింద."

"కొండ?"

"కొండ కూడా అక్కడే. గుర్రం తోక మాత్రం బయటికి కనిపిస్తోంది చూడు, ఈ పక్కన."

"ఇది దొంగా? మరి మొహమేది వీడికి? అన్నయ్యా, ఒకసారి ఇలా రా. నా దొంగను ఎవరో ఎత్తుకుపోయారు."

భర్త వచ్చి, మొదటి బుడగ నించి చదవడం మొదలుపెట్టాడు. ఆయన పైకి చదువుతాడు, అలవాటు. "ఓ పురజనులారా, నా పితామహుడు పూర్వం చీకటి మాటున మీ గృహములలో ప్రవేశించి అపహరించిన సమస్త వస్తువులలో చిట్టచివరిదైన ఈ కంచు గంటను, అనేక కష్టనష్టములకు ఓర్చి, అడవులను నదులను దాటి, నేడు మీకు తిరిగి అప్పగించుటకై..." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. బుడగలో ఇంకా సగం ఉంది. రంగుల అమ్మాయి కంప్యూటర్ వైపు తల తిప్పేసుకుంది, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"గుర్రం ముసలిదైపోతుందిరా వీడు మాట్లాడేలోగా" అంది అత్తగారు గుమ్మంలోంచి. ఎప్పుడొచ్చి నిలబడిందో.

"ఇది నేను రాసిందేనా?" అన్నాడు భర్త.

ఆమె ఆయన కాగితాలు జరిపి పక్కన పెట్టింది. ఆయన చూసుకున్నాడు. వెనక్కి తిప్పి, ఇంకో కాగితం చూశాడు. కొట్టివేతలు కూడా ఆయనవే.

"మరి ఎప్పుడూ ఇలా ఉండేది కాదే."

"ఎప్పుడూ ఉన్నది ఉన్నట్టు ఎక్కించలేదండీ. ఈసారే ఎక్కించాను. మీరు అమ్మాయికి చెప్పారుగా."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, పాత సంచికలు ఒక్కొక్కటే తీసి తిరగేశాడు. ఒక చోట ఆగాడు. "తెచ్చాను. మీదే." ఆ మాట దగ్గర వేలు పెట్టి, ఆమె వైపు కాక కిటికీ వైపు చూస్తూ, "ఇది కూడానా?" అన్నాడు.

"బుడగ చాలా చిన్నదండీ అక్కడ."

"ఇన్నాళ్లూ ఇదంతా నా కోడలా తగ్గించింది" అంది అత్తగారు, కొడుకుతో కాదు, గోడతో అన్నట్టు. "నేను కూడా వీడే మారాడనుకున్నాను. చిన్నప్పుడు మంచినీళ్లు అడగడానికి కూడా కథ చెప్పేవాడు." తర్వాత కోడలి వైపు తిరిగి, "అమ్మాయ్, కప్పులు నేను తీస్తాలే, నువ్వు ఆ గుర్రాన్ని బయటికి లాగు" అంది.

ఆమె పెద్ద బుడగను అంచు పట్టుకుని మెల్లగా లేపింది. కొండ, లోయ, రెండు కాళ్లూ ఎత్తిన గుర్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి. పోయిన మనిషి తిరిగొచ్చినట్టు మరిది ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె బెత్తెడు కాగితం ముక్క తీసుకుని కాసేపు ఆ దొంగ మొహం చూస్తూ కూర్చుంది. అన్నీ ఇచ్చేశాక, సొంత ఊరి ముందు నిలబడినవాడు ఏమంటాడు? రాసి, కత్తిరించి పెట్టింది. భర్త లేచి వచ్చి, భుజం మీదుగా చదివాడు. "చేతులు ఖాళీ. ఇప్పుడు రానా?" ఆయన చాలాసేపు దాన్నే చూసి, "బాగుంది" అన్నాడు. ఎంత కాదన్నా కథంటే ప్రేమున్న మనిషి.

సాయంత్రం లోపలి అట్టకు పేర్ల చీటీ తెచ్చి ఆయనే ఆమె బల్ల మీద పెట్టాడు. "చూడు, ఈసారి నీ పేరు కూడా వేశాను" అన్నాడు సంతోషంగా, పుట్టినరోజు కానుక ఇచ్చినట్టు. కథ, మాటలు అని తన పేరు. బొమ్మలు, తమ్ముడి పేరు. రంగులు, ఆ అమ్మాయి పేరు. అన్నిటికీ కింద, సహకారం అని, ఆమె పేరు.

ఆయన పక్క గదిలోకి వెళ్లి పాత సంచికల కట్టలు కడుతూ కూర్చున్నాడు. అలా ఆయన కట్టలు కట్టడం అదే మొదటిసారి. కత్తెరకు పురికొస సరిగా తెగక సణుక్కోవడం వినిపిస్తోంది. ఆమెకు ఆయన మీద కోపం రాలేదు, నిజానికి మనసులో ఏదో చల్లగానే ఉంది. ఆ చీటీ వైపు మాత్రం మళ్లీ మళ్లీ చూసింది. సహకారం. అది మంచి మాటే. ఎదుటివాళ్ల పనికి చెయ్యి సాయం అన్నమాట. పొద్దున దేవుణ్ణి అడిగిన ప్రశ్నకు జవాబు అప్పుడు దొరికినట్టనిపించింది, ఆయన పైనించి చెప్పాడో, తనకే తెలిసిందో.

కలం కడిగి, సిరాలో ముంచింది. కథ అని రాసి, భర్త పేరు ఎప్పటిలాగే గుండ్రంగా రాసింది. దాని కింద వరుస మార్చి మాటలు అని రాసింది. పక్కన తన పేరు రాసింది. ఇన్నేళ్లలో ఈ కలంతో తన పేరు రాయడం అదే మొదలు. అందులో ఒక ఒత్తు ఉందని, దానికి కింద చోటు వదలాలని చెయ్యి కొత్తగా నేర్చుకుంది. మిగతా పేర్లు కూడా రాసి, ఆరబెట్టి, స్కాన్ చేయమని రంగుల అమ్మాయికి ఇచ్చింది.

ఆ అమ్మాయి పైకి చదివింది, కథ, మాటలు... అక్కడ ఆగింది. చీటీ చూసింది, అట్ట చూసింది, పక్క గది తలుపు చూసింది. పక్క గదిలో కత్తెర చప్పుడు కూడా ఆగింది.

"ఇలాగే ఎక్కించనా మేడమ్?"

కాసేపటికి కత్తెర చప్పుడు మళ్లీ మొదలైంది.

"ఉన్నది ఉన్నట్టే ఎక్కించమ్మా" అందామె.