మిరప తొడిమల సాక్ష్యం

పదహారేళ్లకే నా మీద మూడు కేసులు. రెండు బండ్ల దొంగతనాలు, ఒక తల పగలగొట్టుడు. బాల నేరస్థుల హోంకు పోవాల్సిన నన్ను జువెనైల్ బోర్డు వాళ్లు ఆరు నెలలు తండాలోనే ఉండనిచ్చారు, విజయలక్ష్మి మేడం నిఘాలో. ఇంకొక్క ఫిర్యాదు వస్తే మాత్రం నేరుగా హోంకే.

మేడం పక్క ఊళ్లో రిటైరైన అంగన్‌వాడీ టీచరు. అబ్బ, ఎంత ప్రాణం తోడేసిందో! పొద్దున ఆరింటికి మా వాకిట్లో ఆమె స్కూటీ హారన్. మధ్యాహ్నం నేను చదివే ఐటీఐకి ఫోన్ చేసి నేను ఉన్నానా లేనా అని ఆరా. సాయంత్రం మళ్లీ హారన్. మా అమ్మ రాధాబాయి ఆమెకు చాయ్ పెట్టేది, నేను పళ్లు నూరేవాణ్ని.

శివరాత్రికి తండాకు తండా కురవి వీరన్న జాతరకు కదిలింది. నేనూ కొత్త చొక్కా వేసుకున్నాను. అంతలో మేడం వచ్చి, అక్కడ నా పాత దోస్తులు కాచుకొని ఉంటారు, పోవద్దంది. తన ఇంటికి తీసుకుపోయి ఎండుమిర్చి కుప్ప ముందు కూర్చోబెట్టింది. చీకటి పడేదాకా ఇద్దరం తొడిమలు తీశాం. చేతులు మండుతుంటే మనసులో ఆమెను తిట్టని తిట్టు లేదు.

మర్నాడు పొద్దున్నే ముత్యం పటేల్ నలుగురిని వెంటేసుకొని వచ్చాడు. అంతా జాతరలో ఉండగా ఆయన బావి మోటారు పోయింది. దొంగను నేనేనట. మేడం ఇంట్లో ఉన్నానంటే ఒక్కడూ వినలేదు. నా మాట ఎందుకు నమ్ముతారు? స్టేషన్‌కు నడువుమని రెక్క పట్టుకున్నారు. అప్పుడే హారన్ వినబడింది. ఆ చప్పుడుకు నా ప్రాణం లేచి రావడం అదే మొదటిసారి.

సంగతి విని, మేడం నా చెయ్యి పట్టి పటేల్ ముఖం దగ్గర పెట్టింది.

“నిన్న పొద్దుమూకేదాక మా ఇంట్ల మిరపకాయ తొడిమెలు తీసిండు. నమ్మకపోతే గీ వేలు నీ కంట్ల పెట్టుకో పటేలా.”

పటేల్ రెండడుగులు వెనక్కి వేశాడు. వెంట వచ్చిన వాళ్లలో ఒకడు కిసుక్కున నవ్వాడు. అందరూ వచ్చిన దారినే పోయారు.

పెళ్లయిన నాటి నుంచి మేడం కురవి వీరన్న మొక్కు తప్పలేదని అమ్మ తర్వాత చెప్పింది. ఆ ఏడు నా కోసం తప్పింది. నేను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇప్పుడు దంతాలపల్లిలో మోటార్లు బాగుచేస్తున్నాను. పటేల్ మోటారూ నా దగ్గరికే వస్తుంది. ఆమె లేకపోతే నేను లేను, ఈ మాట ఎవరి ముందైనా చెబుతాను.

ఈ శివరాత్రికి పొద్దున ఆరింటికి ఆమె వాకిట్లో నేను హారన్ కొట్టాను. గింత పొద్దున్నే ఏందిరా అంటూ బయటికొచ్చింది.

“కురవికి పోదాం పా మేడం. జాతరల నన్ను కనిపెట్టుకుంట ఉండాలె గదా.”