పొడుగు మంచం

ఓబయ్య మంచం పట్టెకు పాదం తన్నిపెట్టి కిత్తనార తాడు లాగుతున్నాడు. తడిపిన తాడు అరచేతుల్లో పాత కాయల మీదే కోసుకుపోతోంది. ఆళ్లగడ్డలో అతను అల్లిన మంచం లేని వీధి లేదు. అతని పేరు తెలిసిన ఇల్లు మాత్రం తక్కువ. "మంచాలోడు" అంటే చాలు.

కొత్త రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, పై దేశాల నుంచి యూనివర్సిటీకి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు ముగ్గురు పల్లెలు చూస్తామని వచ్చి ఊళ్లోని ప్రయాణికుల బంగళాలో దిగారు. వాళ్లకు తోడుగా ఉండడానికి మనుషులు కావాలని ఊళ్లో అడిగారు. జీతం లేదనగానే అందరూ జారుకున్నారు. ఓబయ్య ఒక్కడే నిలబడిపోయాడు. పొద్దున్నే పోయి నీళ్లు కాచాడు, బూట్లలో తేళ్లు దులిపాడు. వాళ్లలో బాగా పొడుగైనవాడు ఎరిక్. అతను కష్టపడి నేర్చుకుని "ఓబయ్యన్నా" అని పిలిచాడు. ఆ పిలుపు కోసమే ఓబయ్య రోజూ పోయేవాడు.

ఎరిక్ పాదాలు మంచం దాటి వేలాడేవి. కొత్తది అల్లిపెడదామని ఓబయ్య తాడు తీస్తే, అతను నవ్వుతూ, కొలుచుకోమని నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. పడుకున్న మనిషిని తాడుతో కొలిచేది పూడ్చే గుంత తవ్వడానికే. వద్దని చెయ్యి ఊపితే ఆ పిల్లవాడు ఇంకా నవ్వాడు. కాదనలేక తల నుంచి మడమ దాకా కొలిచి ముడి వేశాడు. ఆ వారమే ఎరిక్‌కు జ్వరం తగిలింది. నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయారు. ఓబయ్య ఇప్పుడు అల్లుతున్నది ఆ కొలత మంచమే.

"కొలిస్తే జరం వస్తాదా? ఏం మాటలవి," అంది భార్య ఆదెమ్మ. "మంచం ఇచ్చి రా పో. కండ్లారా చూస్తే నీ భయం తీరుతాది."

మంచాన్ని బస్సు మీదికి ఎక్కించి మధ్యాహ్నానికి నంద్యాల చేరాడు. దారంతా ఒకటే కోరిక. ఆ పిల్లవాడు దాని మీద కాళ్లు చాపుకుని పడుకోవాలి. అప్పుడు ఆ ముడి మంచానికి వేసిన ముడే అవుతుంది.

ఆసుపత్రి వరండాలో మంచం దింపాడు. ఎరిక్ జతగాళ్లిద్దరూ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. తల ఎత్తలేదు.

"ఎవురికప్పా మంచం?" అన్నాడు వార్డు మనిషి.

"పొడుగాయనకు. పై దేశపాయనకు."

"తెల్లారుజామున పానం పాయెనప్పా. పెట్టె చేసేకి వడ్లాయన వచ్చినాడు. కొలత తియ్యల్ల. తాడుంటే ఇయ్యి."

తన చేతులే ఆ పిల్లవాణ్ణి చంపాయనుకున్నాడు ఓబయ్య. కాదని చెప్పేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. మొలలో దోపుకున్న ఆ కొలత తాడు తీసి వడ్రంగి చేతిలో పెట్టాడు.

"మళ్లా కొలవద్దన్నా. ముడి కాడికి సరిపోతాది."

వట్టి చేతులతో బస్టాండు దారి పట్టాడు. ఒక్కసారి కూడా ఎవరూ నడుం వాల్చని పొడుగు మంచం, తాళ్లు బిగుతుగా, వరండాలోనే ఉండిపోయింది.